ఎనభై జీబీల చోటు

షట్టరు సగం దించి ఉంది. తల వంచి లోపలికి రండి. రాత్రి పదిన్నరయింది, బోసు రోడ్డు మీద ఆటోల చప్పుడు పలచబడింది. ఈ వెనక సందులో ఇంకా దీపం వెలుగుతున్నది మా బాబాయి డీటీపీ షాపులో ఒక్కచోటే. తెనాలిలో అచ్చు పని ఎరిగినవాళ్ళకి ఈ వాసన కొత్త కాదు: వేడెక్కిన టోనరు, కోసిన ఆర్టు పేపరు, పొద్దుటి అగరొత్తుల బూడిద. గోడ నిండా నమూనా శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ఒక మూలగా నల్ల అంచు కార్డులు. ఆ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని నా పక్కన కూచోండి. ఈ పెన్‌డ్రైవు మీ చేతిలో ఉంచుకోండి, కాసేపట్లో కావాలి.

బల్ల మీదున్న లాప్‌టాప్ 2016లో కొన్నది. ఆరో తరం ఇంటెల్ ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే పాతకాలపు హార్డ్ డిస్కు, 1 టీబీ. అరచెయ్యి ఆనేచోట రంగు పోయి అల్యూమినియం తేలింది. బాబాయి కరెంటు బిల్లు దగ్గర్నుంచి జీఎస్టీ దాకా అన్నీ ఇందులోనే చూసుకుంటాడు. దీంట్లో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు భద్రతా అప్‌డేట్ల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి వెళ్దామంటే అది టీపీఎం 2.0 చిప్పునీ, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరాన్నీ అడుగుతుంది. ఆరో తరం గడప దగ్గరే ఆగిపోతుంది. కొత్తది కొనే ఏడాది కాదిది బాబాయికి.

"అంతా తుడిచేసి లినక్స్ వేస్తావా అమ్మా?" అంటాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, రెండు చేతులూ లాప్‌టాప్‌కి అటూ ఇటూ పెట్టి నిలబడ్డాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

"లేదు బాబాయ్. విండోస్ ఉన్నచోటే ఉంటుంది. పక్కన ఇంకోదానికి చోటు చేద్దాం. పొద్దున్నే మిషను వేసినప్పుడు ఏది కావాలో నువ్వే ఎంచుకుంటావు."

లినక్స్‌ని ప్రేమించేవాళ్ళలో విండోస్‌ని తుడిచెయ్యమని ముందుగా సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళని ఒక్క రోజు ఈ కుర్చీలో కూచోబెట్టాలనుంది నాకు. బాబాయి జీవనమంతా పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద నడుస్తోంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముందుకు తీసుకెళ్ళలేదు, అయినా మన ఊళ్ళలో కార్డులూ కరపత్రాలూ దాంట్లోంచే వస్తున్నాయి. అను ఫాంట్లలో మన కంటికి 'తల్లి' అని కనిపించేది డిస్కులో మటుకు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల వరసే. ఫాంటు తొడుగు తీస్తే తెలుగు ఉండదు. ఇన్నేళ్ళ పని, కొన్ని వేల కుటుంబాల శుభాశుభాలు, ఆ తొడుగులోనే ఉన్నాయి. దాన్ని తెరవగలిగే విండోస్‌ని కాపాడుకుని తీరాలి.

పైగా రేపు ఒక పెద్దకర్మ కార్డు ఇవ్వాలి. పెళ్ళి కార్డు ఒక రోజు ఆలస్యమైనా సర్దుకుంటారు. పెద్దకర్మ రోజు వెనక్కి జరగదు. అందుకే పొద్దున ఎనిమిదికల్లా ఇస్తానని మాటిచ్చాడు.

మొదటి పని కాపీ. బయటి హార్డ్ డిస్కు తగిలించాను. పేజ్‌మేకర్ ఫైళ్ళు, కోరెల్ ఫైళ్ళు, ఫాంట్ల ఫోల్డరు, జీఎస్టీ కాగితాల స్కాన్లు, అన్నీ కలిసి 47 జీబీ. పచ్చ గీత నడుస్తోంది. ఈ పని చాలామంది చేస్తారు, దాని తర్వాతి పనే మరిచిపోతారు. కాపీ చేసిన చోటి నుంచి ఓ నాలుగు ఫైళ్ళు తెరిచి చూడాలి. బాబాయినే ఎంచమన్నాను. ఆయన ఎక్కడెక్కడికో వెళ్ళి, మా చెల్లి పెళ్ళి కార్డు తెరిచాడు. తెరుచుకుంది. ఒక్క క్షణం ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. సరే, కేబులు తీసి హార్డ్ డిస్కుని బీరువాలో పెట్టమన్నాను. ఈ రాత్రి అది మళ్ళీ ఈ మిషనుకి తగలకూడదు.

ఇప్పుడు స్క్రీను వైపు ఇంకాస్త వంగండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. అడ్డంగా ఒక పొడుగాటి పట్టీ, గళ్ళు గళ్ళుగా. మొదట చిన్న గది, 100 ఎంబీ, దానిపేరు ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. మిషను లేవగానే ముందు చూసేది దీన్నే, ఎవరిని నిద్రలేపాలో రాసి ఉండేది ఇక్కడే. తర్వాత సి, ఆ తర్వాత రికవరీ, చివర్న పొడుగ్గా డి. సి లో చోటు తగ్గించడం ఒక పట్టాన కుదరదు, కదలని ఫైళ్ళు కొన్ని మధ్యలో తిష్ట వేసుకుని ఉంటాయి. డి లో మూడొంతులు ఖాళీ. దాని మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. ఎంత తగ్గించాలి అని ఎంబీల్లో అడిగింది. 81920 కొట్టాను.

"ఎనభై జీబీ అన్నావుగా?"

"వెయ్యితో కాదు బాబాయ్, 1024తో గుణిస్తారు ఇక్కడ."

"ఓహో, రీముకి ఐదొందల షీట్లన్నట్టు వీళ్ళ లెక్క వీళ్ళది" అన్నాడు. డిస్కు లోపల కీచుమని చిన్న చప్పుడు. పట్టీ చివర నల్లగీతతో ఒక గది పుట్టింది, అన్‌ఎలొకేటెడ్. దానికింకా పేరు లేదు, లోపల ఏమీ లేదు.

విండోస్‌లో ఇంకో రెండు తలుపులు చూసుకోవాలి. ఒకటి ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ముయ్యదు. గల్లాపెట్టె లెక్క తేల్చకుండా షట్టరు దించినట్టు, కెర్నెల్ స్థితిని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో లినక్స్ వెళ్ళి డి డ్రైవులో ఏదైనా రాస్తే, నిద్ర లేచిన విండోస్ తన పాత లెక్కే నిజమనుకుంటుంది. ఫైళ్ళు చెడేది అక్కడే. పవర్ ఆప్షన్లలోకి వెళ్ళి టిక్కు తీసేశాను. రెండోది బిట్‌లాకర్. డిస్కుకి తాళం పడి ఉంటే, బూట్ పద్ధతి మారగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది రాసిపెట్టుకోకుండా మొదలుపెట్టినవాళ్ళ ఏడుపు నేను విన్నాను. ఇక్కడ తాళం లేదు. అదృష్టం.

మీ చేతిలోని పెన్‌డ్రైవు సంగతి చెప్పాలి. 8 జీబీది. అందులో లినక్స్ మింట్ 22, ఎక్స్ఎఫ్‌సీఈ రకం. 4 జీబీ ర్యామ్ మీద తేలిగ్గా తిరుగుతుందని దీన్ని ఎంచాను. దాదాపు మూడు జీబీల ఫైలు, మధ్యాహ్నం మా ఇంట్లో దింపాను. దింపగానే దాని షా-256 సంఖ్య లెక్కకట్టి, మింట్ వాళ్ళు ఇచ్చిన 64 అక్షరాల వరసతో పోల్చాను, వాళ్ళ సంతకంతో సహా. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకే దొంగలు చొరబడి, అసలు ఫైలు స్థానంలో దొంగదారి పెట్టిన ఫైలుకి లింకు ఇచ్చారు. ఆ రోజు దింపుకున్నవాళ్ళు సరైన చోటు నుంచే దింపుకున్నామని నమ్మారు. బాబాయి గల్లాపెట్టె లెక్కలున్న మిషనులోకి నేను తెచ్చే ప్రతి బైటుకీ నేనే పూచీ.

పెన్‌డ్రైవు ఇటివ్వండి. పెట్టేశాను. రీస్టార్ట్. ఇప్పుడు ఎఫ్12ని టకటకా కొడుతూ ఉండాలి. కొన్ని మిషన్లకి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. బూట్ మెనూ వచ్చింది. చూడండి, ఒకే పెన్‌డ్రైవు రెండుసార్లు కనిపిస్తోంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంది, రెండోదానికి లేదు. విండోస్ ఉన్నది యూఈఎఫ్ఐ పద్ధతిలో. లినక్స్ కూడా అదే దారిన లోపలికి రావాలి. రెండోది నొక్కితే చివర్లో ఒకరి మొహం ఒకరికి కనబడదు. పైది నొక్కాను.

నల్లతెర. ఒక నిమిషం. బాబాయి ఊపిరి నా భుజానికి తగులుతోంది. మింట్ గుర్తు వెలిగి, డెస్క్‌టాప్ వచ్చింది.

"అయిపోయిందా?"

"ఇంకా మొదలవలేదు బాబాయ్. ఇదంతా పెన్‌డ్రైవులోంచే నడుస్తోంది. నీ డిస్కుని ముట్టుకోలేదు."

నాకు లినక్స్‌లో అన్నిటికంటే ఇష్టమైన మర్యాద ఇదే. ఇల్లు కొనకముందే వచ్చి రెండు పూటలు ఉండి చూసుకోమంటుంది. చూసుకున్నాం. సౌండు పలికింది. వెలుతురు మీటలు పనిచేశాయి. ప్రింటరు తగిలిస్తే ఒక పరీక్ష పేజీ బయటికొచ్చింది. వైఫై ఒక్కటే పలకలేదు, ఆ చిప్పుకి కావలసిన డ్రైవరు విడిగా ఎక్కించాలి. డ్రైవరు దింపాలంటే నెట్టు కావాలి, నెట్టు కావాలంటే డ్రైవరు కావాలి. ఈ చిక్కుముడిని విప్పేది జేబులోనే ఉంది: ఫోనుని ఛార్జింగు కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. మూలన గుర్తు వెలిగింది.

ఇన్‌స్టాల్ గుర్తు మీద రెండుసార్లు నొక్కాను. మొదటి పేజీ భాషల జాబితా. కిందికి దింపుతూ పోతున్నాను. బాబాయి చెయ్యి వచ్చి స్క్రీను మీద ఆగింది.

"అదుగో. తెలుగు."

తెలుగు లిపిలోనే రాసి ఉంది, తమిళానికి దగ్గర్లో, ఎవరి లిపిలో వాళ్ళు. ముప్పై ఏళ్ళుగా తెలుగు అక్షరాలు పేర్చి బతికిన మనిషి, ఏ ఫాంట్ల సీడీ వేయకుండానే మిషను తనంతట తాను తెలుగు చూపించడం చూస్తున్నాడు. ఈ అనువాదాలు చేసినవాళ్ళలో చాలామంది ఉద్యోగాల తర్వాత రాత్రిళ్ళు కూచుని చేసినవాళ్ళే. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగు మాట్లాడే లినక్స్‌నే తయారుచేశారు. బాబాయి ఆ పేరు వినలేదు. చెప్పాను.

తర్వాతి పేజీ దగ్గర నెమ్మదిగా వెళ్దాం. ఎలా వేయాలి అని అడుగుతోంది. విండోస్ పక్కన దానంతటదే సర్దుకునే దారి మొదట ఉంది, డిస్కంతా తుడిచే దారి దాని కిందే ఉంది, అంత దగ్గర్లో. నేను అన్నిటికన్నా కిందిది, సంథింగ్ ఎల్స్, తీసుకుంటాను. గదులన్నీ కళ్ళముందు కనిపించే దారి ఇదొక్కటే. ఇక్కడ సి, డి పేర్లుండవు. డిస్కు ఎస్‌డీఏ, దాని గదులు 1, 2, 3. ఏది ఏదో పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టాలి. బాబాయిని పెన్ను తీసుకోమని ఒక్కొక్కటీ పైకి చదివాను: ఒకటి ఈఎఫ్ఐ, మూడు సి, అయిదు డి, దాని కింద ఖాళీ. ఆ ఖాళీ మీద కూడిక గుర్తు నొక్కి, ఎక్స్‌ట్4, మౌంట్ పాయింటు దగ్గర ఒక వాలుగీత. లినక్స్‌లో సమస్తం ఆ వాలుగీత కిందే వేలాడుతుంది. ఈఎఫ్ఐ గదిని ఫార్మాట్ చెయ్యం, అది ఇద్దరిదీ.

ఇన్‌స్టాల్ నౌ.

హెచ్చరిక పెట్టె వచ్చింది. ఈ మార్పులు డిస్కు మీద రాస్తాను, వెనక్కి తీసుకోలేవు అంటోంది. కింద ఒకే వాక్యం, ఆరో గదిని ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేస్తాను అని. మీరు కూడా చదవండి. ఆరేనా? ఆరే. అయిదు కాదుగా? కాదు. బాబాయి కాగితం మీద వేలు పెట్టి మళ్ళీ చూసుకున్నాడు. "ఆరు" అన్నాడు గట్టిగా, ప్రూఫు దిద్దిన గొంతుతో. కంటిన్యూ నొక్కాను.

ప్రపంచ పటం వచ్చి మీరెక్కడ అంది. తెనాలి దగ్గర నొక్కితే కోల్‌కతా అని చూపించింది. భారతదేశపు కాలమంతటికీ కంప్యూటర్ లోకంలో ఆ ఊరి పేరే. పేరూ పాస్‌వర్డూ ఇచ్చాక గీత కదలడం మొదలైంది. తిరిగే డిస్కు కదా, అరగంట పడుతుంది. బాబాయి ఫ్లాస్కులోంచి టీ పోశాడు, మీకూ ఒక కప్పు. ఆయన బయటికి వెళ్ళి సందులో నిలబడ్డాడు. ఈలోగా ఒక కథ, మెల్లగా చెబుతాను, బాబాయికి ఈ రాత్రి వినిపించకూడదు.

1991 జనవరిలో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 4 ఎంబీ ర్యామ్ ఉన్న ఒక 386 కంప్యూటరు కొన్నాడు. ఎంబీ అన్నాను, జీబీ కాదు. ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసరు పాఠం చెప్పడానికి రాసిన మినిక్స్‌ని అందులో వేసుకుని, దాని పక్కనే సొంతది రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆగస్టు 25న ఆ సంగతి లోకానికి తెలియజేశాడు. అంటే లినక్స్ పుట్టిందే ఇంకొకరి ఇంట్లో పక్క వాటాలో. ఆ చలికాలంలో ఒకరోజు మోడెమ్‌కి పంపాల్సిన డయలింగ్ ఆదేశాలు పొరపాటున హార్డ్ డిస్కుకి పంపాడు. అవి వెళ్ళి మినిక్స్ గది మీద పడ్డాయి. మినిక్స్ పోయింది. మళ్ళీ వేసుకోకుండా, తన దాంట్లోనే కాపురం పెట్టేశాడు. లినక్స్ చేసినవాడికే చిరునామా తప్పింది. అందుకే ఇందాక ఆరు అని మూడుసార్లు చదివించాను.

పన్నెండూ ఇరవై. పూర్తయింది, రీస్టార్ట్ చెయ్యమంది. పెన్‌డ్రైవు తీసి మీకిచ్చాను. ఎంటర్. నల్లతెర, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తెరుచుకుంది... నేరుగా విండోస్.

"వచ్చింది! నాది నాకు వచ్చేసింది" అన్నాడు బాబాయి. ఆయన మొహంలో అంత వెలుగు సాయంత్రం నుంచి చూడలేదు. డి తెరిచి, చెల్లి పెళ్ళి కార్డు మళ్ళీ తెరిచాడు. నాకు మాత్రం గొంతు ఆరిపోయింది. మింట్ ఏది? లేచి రెండు అడుగులు వేసి వచ్చాను. మళ్ళీ రీస్టార్ట్, ఈసారి ఎఫ్2తో సెటప్‌లోకి. బూట్ వరసలో మింట్ అనే పేరు ఎక్కడా లేదు. విండోస్ బూట్ మేనేజర్, దాని కింద ఉబుంటు. అప్పుడు గుర్తొచ్చింది. మింట్ ఉబుంటు పునాది మీద కట్టిన ఇల్లు, ఈఎఫ్ఐ గదిలో తన ఫోల్డరుకి ఆ పేరే పెట్టుకుంటుంది. దాన్ని పైకి జరిపి, సేవ్ చేసి బయటికొచ్చాను.

ఏది తెరవాలో అడిగే మెనూ, గ్రబ్. నల్లటి తెర మీద తెల్లటి వరసలు. పైన లినక్స్ మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. మూలన 10 నుంచి అంకె దిగుతోంది.

"బాణం మీటతో నువ్వే ఎంచు బాబాయ్."

తొమ్మిది, ఎనిమిది. బాబాయి వేలు గాల్లో ఆగింది. ఆరు దగ్గర ఎంటర్ కొట్టాడు, పైదాని మీదే.

ఇక్కణ్ణుంచి చకచకా చెప్పేస్తాను. టెథరింగ్ మీద వైఫై డ్రైవరు ఎక్కింది. తెలుగు ఫాంట్లు దింపాను: దేశికాచారి గారి పోతన, వేమన, ఆ తర్వాత రామభద్ర, మండలి, ఇంకా తెనాలి రామకృష్ణ పేరుతో ఒకటి. ఆ ఆఖరిది చూసి బాబాయి "మనూరివాడే" అన్నాడు. తెలుగు కొట్టడానికి ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ ప్యాకేజీలు వేసి, లాగవుటయి వచ్చాను. కీబోర్డుల జాబితాలో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్. బాబాయి వేళ్ళకి తెలిసింది యాపిల్ ఒక్కటే, అనులో ఇన్నేళ్ళూ కొట్టింది దాంతోనే.

కుర్చీ ఆయనకిచ్చి నేను నిలబడ్డాను. మీరు స్టూలు కాస్త జరగండి, ఆయన మోచెయ్యి తగులుతుంది. ఖాళీ పేజీ. పెద్దకర్మ కార్డు మేటరు పక్కన కాగితం మీద ఉంది. కార్డుతోపాటు మేటరు వాట్సాప్‌లో పెట్టండి, బంధువులకి పంపుకోవాలి అని ఆ ఇంటి అబ్బాయి అడిగాడట. అనులో కొట్టింది అక్కడ అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయని బాబాయి ఎప్పుడూ ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మళ్ళీ కొట్టేవాడు. ఇప్పుడు మొదటి వరస కొట్టాడు. ఒకటి రెండు గుర్తులు చోటు మారి ఉన్నాయి, వేలు తడబడి సర్దుకుంది. 'శ్రీ' పడింది, దాని క్రావడితో సహా. 'వైకుంఠ సమారాధన' పడింది. ఇది యూనికోడ్. తెలుగుకి అందులో చోటు దొరికింది కూడా 1991లోనే. ఈ అక్షరానికి తొడుగు లేదు, ఎక్కడ అతికించినా తెలుగే. పది వరసలు కొట్టి, కాపీ చేసి, ఫైర్‌ఫాక్స్‌లో వాట్సాప్ తెరిచి పంపాడు.

చావు జరిగిన ఇంట్లో ఎవరికి నిద్ర. రెండు నిమిషాల్లో జవాబు. "అంకుల్, తాతయ్య పేరులో ల కాదు, ళ."

బాబాయి కాగితం చూశాడు. కాగితం మీదే తప్పు. "అచ్చయిపోయేది తల్లీ" అన్నాడు. మింట్‌లో ఆ ఒక్క అక్షరం దిద్ది మళ్ళీ పంపి, రీస్టార్ట్ ఆయనే కొట్టాడు. గ్రబ్ వచ్చింది. బాణం కిందికి, విండోస్ మీద ఆపి, ఎంటర్.

పేజ్‌మేకర్ తెరుచుకుంది. ళ పెట్టాడు. నేను మూలన గడియారం చూశాను: రాత్రి 8:20 అంటోంది. గోడ గడియారంలో 1:50. సరిగ్గా అయిదున్నర గంటలు. మదర్‌బోర్డు మీది గడియారాన్ని లినక్స్ ప్రపంచ సమయానికి తిప్పి పెట్టింది, విండోస్ దాన్నే మన ఊరి సమయమనుకుని చదువుతోంది. ఎవరి పద్ధతి వాళ్ళది. మింట్‌లో ఒక్క ఆదేశం చాలు, టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1. ఈసారి అటు వెళ్ళినప్పుడు కొడతాను. బాబాయికి చెబితే తల కూడా తిప్పలేదు.

ప్రింట్ నొక్కాడు. ప్రింటరు ఒకసారి మూలిగి వేడెక్కింది. మొదటి కార్డు వెచ్చగా బయటికొచ్చింది. దాన్ని ట్యూబులైటు కిందికి ఎత్తి పట్టుకుని, పెదవులు కదుపుతూ ఆ పేరు చదువుతున్నాడు.